పిల్లల లెక్కలు, పిల్లల చదువులు

రాజ్యములు తొలుత భూమిని లెక్కించినవి. పిదప పశువులను, మగ్గములను, మనుష్యులను లెక్కించినవి. బడిపిల్లలను లెక్కించవలెనను తలంపు వానికి చాల ఆలస్యముగ కలిగినది. తెలుగుదేశమున నట్టి లెక్క మొదట జరిగి రెండువందల యేండ్లు దాటినది. నాటినుండి నేటివరకు పిల్లల సంఖ్యలు వ్రాయబడుచునే యున్నవి. అయినను ఆరవ తరగతిలో కూర్చుండి రెండవ తరగతి పుస్తకమును తడబడక చదువలేని పిల్లలు మన బడులలో నేటికిని గలరు. లెక్క పెరిగినంతగా చదువు పెరుగకుండుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు చరిత్రమునందు కొంత సమాధానము దొరకునని మా నమ్మకము. మార్కాపురము, గిద్దలూరు, కంభము, యర్రగొండపాలెము అను పడమటి ప్రకాశపు సీమను కన్నులయెదుట నుంచుకొని దానిని వెదకుదము.

1822 జూను 25వ తేదీన చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ మన్రో దేశీయవిద్యనుగూర్చి యొక వ్రాతను తన సభయెదుట నుంచెను. మన్రో ఈ సీమకు క్రొత్తవాడు కాడు. 1800లో నిజామునుండి ఇంగ్లీషువారికి సంక్రమించిన దత్తమండలములకు ఆయన 1807 వరకు ప్రధాన కలెక్టరుగ నుండి గ్రామగ్రామమున భూమిని కొలిపించినవాడు. దేశపటములు గీయించితిమి, సాగునుగూర్చి లెక్కలు తీయించితిమి, కాని ప్రజల విద్యాస్థితినిగూర్చి మనయొద్ద నొక పత్రమైనను లేదని ఆయన ఆ వ్రాతలో నొప్పుకొనెను. ప్రతి కలెక్టరును తన జిల్లాలో బడులెన్ని, చదువువారెందరు, వారే జాతులవారు, బాలురెందరు, బాలికలెందరు అను పట్టికను పంపవలెనని ఉత్తరువు పుట్టెను. ఆ పట్టికలన్నియు చేరునప్పటికి రెండేండ్లకు పైగా పట్టినది.

1826 మార్చి 10వ తేదీన మన్రో వానిని క్రోడీకరించెను. రాజధాని మొత్తమున 1,28,50,941 మంది ప్రజలకు 12,498 బడులు. చదువువారు 1,88,650 మంది. వీరిలో బాలికలు 4,540 మంది మాత్రమే. ఇంచుమించుగ వేయిమందికొక బడి యున్నదని ఆయన గణించెను. ఇంటియొద్ద చదువుకొనువారినిగూడ కలిపికొన్నచో అయిదునుండి పదియేండ్లలోపు బాలురలో మూడవవంతు ఏదో యొక చదువు చదువుచున్నారని ఊహించెను.

మొత్తములయందు మునిగిపోవు విషయములు జిల్లాల లెక్కలలో తేలును. అప్పుడు మన పడమటి సీమ కడప జిల్లాలోనిది. కడపలో 10,94,460 మందికి 494 బడులు, 5,892 మంది విద్యార్థులు. అనగా రెండువేల రెండువందలమంది కొక బడి. వేయిమందిలో చదువువారు అయిదుగురు. నెల్లూరులో 804 బడులు, 7,621 మంది విద్యార్థులు. గుంటూరులో 4,54,754 మందికి 574 బడులు, 7,724 మంది విద్యార్థులు, వేయికి పదునేడుగురు. తరువాతి కాలమున 1858లో కంభము, దూపాడు, కోవెలకుంట్ల తాలూకాలు కడపనుండి కర్నూలు జిల్లాలోనికి పోయినవి. 1904లో ఒంగోలు నెల్లూరునుండి గుంటూరులో చేరినది. 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఈ మూడు జిల్లాల తునకలు కలిసి యొక జిల్లాయై, 1972లో ఆంధ్రకేసరి పేర ప్రకాశమైనది. కావున తూర్పునకు పడమరకు చదువులో గల యంతరము జిల్లా పుట్టుటకు సుమారు నూటయేబది యేండ్లకు ముందే కాగితముపై నుండెను. నాటి పట్టికలు ఆయా యుద్యోగుల శ్రద్ధనుబట్టి హెచ్చుతగ్గులు గలవే కావచ్చును. అయినను ఇంత భేదము వట్టి వ్రాతతప్పు కానేరదు.

ఆ కలెక్టరులలో బళ్ళారివాడైన ఏ. డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణమును 1816లో ఇంగ్లీషున రచించిన పండితుడు. 1823 ఆగస్టు 17వ తేదీన ఆయన పంపిన నివేదిక తక్కినవానికంటె లోతైనది. తన జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు గలరని పట్టిక నింపి ఊరకుండక, ఆ పిల్లలకు నిజముగ వచ్చినదేమని ఆయన విచారించెను. పిల్లలు ఇసుకపై వ్రేలితో అక్షరములు దిద్దుదురు. పెద్దపిల్లలు చిన్నవారికి చెప్పుదురు. ఈ పద్ధతిని ఇంగ్లీషువారును అనుకరించిరని ఆయన మెచ్చుకొనెను. కాని పుస్తకములలోని భాష వాడుకభాషకు దూరమైనదగుటచే పిల్లలు పద్యములను వందలకొలది వల్లించుచున్నను వానియర్థ మెరుగరనియు, చిలుక పలుకులకును వీరి పలుకులకును భేదము లేదనియు వ్రాసెను. ఒక శతాబ్దము గడచిన పిమ్మట గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాషకై చేసిన వాదమునకు బీజము ఇచ్చటనే కానవచ్చుచున్నది. మా విషయమునకు కావలసినది మఱియొకటి. బడిలో నున్నవారి సంఖ్య వేరు, చదువ నేర్చినవారి సంఖ్య వేరు అని తెలుగుసీమనుగూర్చి సర్కారు కాగితములలో స్పష్టముగ వ్రాసినవాడు క్యాంబెల్.

మన్రో ఆ నివేదికలను పెట్టెలో దాచిపెట్టలేదు. ప్రతి జిల్లాకు రెండు పెద్దబడులు, ప్రతి తహశీలుకు నొక చిన్నబడి పెట్టింపదలచెను. పెద్దబడి పంతులుకు నెలకు 15 రూపాయలు, తహశీలుబడి పంతులుకు 9 రూపాయలు జీతముగ నిర్ణయించెను. 1827 జూలైలో ఆయన పత్తికొండలో వాంతిభేది తగిలి మరణించెను. ఆయన తలపెట్టిన బడులు కొన్ని వెలసి, 1836లో మూతపడినవి. పట్టికలు మాత్రము భద్రముగ నిలిచినవి. 1983లో ధరంపాల్ వానిని వెలికితీసి ప్రకటించినప్పటినుండి, కుంఫిణీవారికి ముందు దేశీయవిద్య గొప్పదా కాదా యను వాదమునకు అవి యాధారములైనవి. ఆ వాదము అవసరమైనదే. కాని నాడు లెక్కింపబడిన కడప జిల్లా పిల్లలు 5,892 మందిలో ఒక్కనికైనను ఆ లెక్కవలన ఒక్క యక్షరము ఎక్కువ వచ్చెనా యని యడిగినచో, రాలేదనియే చెప్పవలసియున్నది.

తరువాతి యంకమున లెక్క కాగితముమీదనుండి దిగి నేరుగ పంతులు జేబును తాకినది. 1862లో ఇంగ్లండులో రాబర్టు లో అను మంత్రి సవరించిన నియమావళిని అనుసరించి బడికిచ్చు ధనము పిల్లల పరీక్షనుబట్టి యుండెను. పిల్లవానికి 12 షిల్లింగులలో 8 షిల్లింగులు చదువు, వ్రాత, లెక్కల పరీక్షపై నాధారపడినవి. ఒక్కొక్కదానిలో తప్పినప్పుడు 2 షిల్లింగుల 8 పెన్సులు కోసివేసెడువారు. కవియు, బడుల పరీక్షాధికారియునైన మాథ్యూ ఆర్నాల్డు దీనిని ప్రతిఘటించెను. పిల్లలు పరీక్షకు వచ్చు పుస్తకమును కంఠస్థము చేసి యప్పగించుచున్నారు గాని చదువుట లేదని ఆయన కన్నులార చూచెను. బళ్ళారిలో క్యాంబెల్ చూచిన చిలుకయే సముద్రములు దాటి లండనులో వాలినది. ఈ ఫలితవేతన పద్ధతి చెన్నపట్టణపు రాజధానిలోను వేళ్ళూనినది. పల్లెపంతుళ్ళు తమ పిల్లలు పరీక్షలో నెగ్గినకొలది సర్కారు ధనమునకు అర్హులైరి. 1904లో భారతప్రభుత్వపు విద్యావిధాన తీర్మానము దీనిని తప్పుబట్టినది. కొలతయే కూలియైనప్పుడు కొలుచువాని చేయి వణకునను పాఠము ఆ నలుబది యేండ్లు నేర్పినవి.

మూడవ యంకము జనాభాలెక్కలది. 1911లో అక్షరాస్యుడనగా మిత్రునికి జాబు వ్రాసి, దాని ప్రత్యుత్తరమును చదువుకొనగలవాడని నిర్వచించిరి. నిర్వచనము చక్కనిదే. కాని లెక్కవ్రాయువాడు ఇంటిముంగిట నిలిచి యడుగును. ఇంటియజమాని చెప్పినది వ్రాసికొనును. జాబు తెమ్మనువాడు లేడు. ఈ పద్ధతి నేటికిని మారలేదు. 2011 లెక్కలలో ప్రకాశము జిల్లాలో ఏడేండ్లు దాటినవారిలో నూటికి 63గురు అక్షరాస్యులని తేలినది. పురుషులు నూటికి సుమారు 73గురు, స్త్రీలు సుమారు 53గురు. ఈ 63గురిలో జాబు చదువగలవారెందరో ఆ లెక్క చెప్పజాలదు.

1929లో హార్టాగు సంఘము మఱియొక త్రోవను త్రొక్కినది. ఒక్క సంవత్సరపు సంఖ్యను గాక, ఒక్క తరగతి పిల్లలను వెంబడించి చూచినది. 1922-23లో ఒకటవ తరగతిలో నూర్గురున్నచో, 1925-26 నాటికి నాలుగవ తరగతిలో మిగిలినవారు 18 మంది. తక్కినవారు బడి మానిరి, లేదా క్రిందితరగతులలోనే నిలిచిపోయిరి. విద్యాసంఖ్యల చరిత్రలో ఇది గొప్ప మలుపు. బడి నిండుగ నున్నదన్న తృప్తిని ఈ యొక్క సంఖ్య చెదరగొట్టినది.

అయితే ఆ నిలుపుదల నేడు వేరొక వేషము ధరించినది. 2009 నాటి విద్యాహక్కుచట్టము ఎనిమిదవ తరగతివరకు ఏ పిల్లవానిని క్రిందితరగతిలో ఆపరాదని విధించెను. 2019లో ఈ విషయమున రాష్ట్రములకు స్వేచ్ఛ యిచ్చుచు దానిని సవరించిరి. ఆపరాదనుట దయతో చేసిన నియమము. ఆపుటవలన పిల్లలు బడి మానిరి గాని చదువు నేర్వలేదు. కాని పూర్వము హాజరుపట్టీలో కనబడిన వెనుకబాటు ఇప్పుడు పట్టీలో కనబడదు. పిల్లవాడు ఏటేట తరగతి మారుచుండును. అతని చదువు మాత్రము రెండవ తరగతికడనే నిలిచియుండును. 2005 నుండి ప్రథమ్ సంస్థ 'అసర్' అను పేర పల్లెలలో ఇంటింటికి పోయి, ఒక్కొక్క పిల్లవానిచేత అక్షరము, పదము, చిన్న పేరా, చిన్న కథ వరుసగ చదివించి చూచుచున్నది. 2022లో దేశపు పల్లెలలో ఎనిమిదవ తరగతి పిల్లలు నూర్గురిలో సుమారు 70 మందియే రెండవ తరగతి కథను చదువగలిగిరి. తక్కిన ముప్పదిమంది బడిలో లేనివారు కారు. లెక్కలో లేనివారును కారు.

మన సీమలో ఈ మాట మఱింత గ్రుచ్చుకొనును. దేశమున అనేక రాష్ట్రముల పిల్లలు అక్షరాభ్యాసము చేసిన పలకలు మార్కాపురపు రాతితో చేసినవి. ఆ పలకల కర్మాగారములలో పిల్లలే పనిచేసిరి. 1986లో బాలకార్మిక చట్టము వచ్చినది. 1987లో జాతీయ బాలకార్మిక విధానము ప్రత్యేకప్రణాళికలకై యెన్నుకొన్న పరిశ్రమలలో శివకాశి అగ్గిపెట్టెలతోను, ఫిరోజాబాదు గాజుతోను మార్కాపురపు పలకలు చేరినవి. ఇతరుల పిల్లలు వ్రాయుటకు పలకలు నునుపుచేసిన చేతులకు బలపము పట్టు తీరిక లేకపోయినది. బడి బయటనున్న పిల్లలను లెక్కించి బడిలోనికి తెచ్చుట ఆ కాలపు పని. అది చాలవరకు జరిగినదని సంతోషింపవచ్చును. బడిలోనికి వచ్చిన పిల్లను చదువరిగా చేయుట ఈ కాలపు పని. వానలు తప్పినయేట కూలికై వలసపోవు తలిదండ్రుల వెంట నెలలకొలది తిరిగి వచ్చు పిల్లలు, నల్లమల గూడెములనుండి వచ్చు చెంచుపిల్లలు ఏ సంఖ్యలోను సరిగ ఇమడరు. వారి పేరు హాజరుపట్టీలో నుండును. వారికి తప్పిపోయిన పాఠము ఏ పట్టీలోను నుండదు.

లెక్కలవలన చదువు మెరుగగునా యని మన రాష్ట్రముననే శాస్త్రీయముగ శోధించినవారు గలరు. 2005 తరువాత కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను అర్థశాస్త్రజ్ఞులు ఆంధ్రప్రదేశపు పల్లెలలోని నూరు ప్రాథమిక పాఠశాలలలో పిల్లలను పరీక్షించి, వారి బలాబలములను వివరించు నివేదికలను, వానిని వాడుకొను సూచనలను ఉపాధ్యాయులకిచ్చిరి. పరిశీలకులు వచ్చినప్పుడు ఉపాధ్యాయులు చురుకుగ కనబడిరి. కాని సంవత్సరాంతమున ఆ పిల్లలు ఇతర బడుల పిల్లలకంటె మెరుగుపడలేదని 2010లో వారు ప్రకటించిరి. పిల్లల అభివృద్ధినిబట్టి ఉపాధ్యాయులకు బహుమానమిచ్చిన వేరు బడులలో మాత్రము మేలు కలిగినది. ఇది 1862 పాఠమునకు విరుద్ధమని తోపవచ్చును. కాని ఇచ్చట పరీక్షించినవారు బయటివారు. లెక్కకు వచ్చినది పిల్లల మెరుగుదల. తప్పినవానికి కోత లేదు. కావున తేలునది రెండు మాటలు: నివేదిక తనంతట తాను పాఠము చెప్పదు, దానిని వాడుకొనవలెనను ప్రేరణ గలవానికే అది పనిముట్టగును.

అభిజీత్ సింగ్ అను మఱియొక అర్థశాస్త్రజ్ఞుడు ఇదే రాష్ట్రమున 2,400కు పైగా బడులలో వేరొక పరీక్ష చేసెను. ఉపాధ్యాయుల పర్యవేక్షణలో కాగితముపై జరిగిన పరీక్షలు పిల్లల శక్తిని మిక్కిలి హెచ్చుగ చూపినవనియు, పలకవంటి ట్యాబులపై జరిపిన పరీక్షలు స్వతంత్ర పరీక్షలతో ఇంచుమించుగ సరిపోయినవనియు ఆయన కనుగొనెను. మేమును ఉపాధ్యాయులమే గనుక ఈ మాట చదువుటకు కష్టముగనే యున్నది. అయినను దీనిని నింద యనుకొనక కారణమును వెదకవలెను. క్రిందినుండి పైకి పోవునవి సంఖ్యలు. పైనుండి క్రిందికి వచ్చునవి సంజాయిషీలు. తక్కువ సంఖ్యకు సాయము వచ్చునని యెవరును నమ్మరు. మందలింపు వచ్చునని యందరు నెరుగుదురు. అట్టిచోట నిజము వ్రాయువాడు సాహసి కావలసియుండును. సామాన్యుడు సాహసి యైననే నడచు వ్యవస్థ యెంతకాలము నడచును?

ఈ రెండువందల యేండ్ల కథనుండి మేము గ్రహించినది యిది. మన్రో లెక్క నిజాయితీగలదే. కాని బడికి తిరిగి రాలేదు. ఫలితవేతనపు లెక్క బడిలోనే యుండెను. కాని కూలితో ముడిపడి చెడినది. జనాభాలెక్క అడిగినది, చదివించి వినలేదు. హార్టాగు లెక్క పిల్లలను వెంబడించినది. కాని వారి పేరులెరుగదు. చదువును పెంపొందించు లెక్కకు నాలుగు గుణములు కావలెను: అది పిల్లచేత చదివించి వినునది కావలెను, పేరుతో నుండవలెను, చదువుచెప్పువాని చేతిలోనే యుండవలెను, దానినిబట్టి యెవరికిని దండన రాకూడదు.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులయందు ఇది మఱింత యవసరము. ప్రాథమికపాఠశాలలో చదువుట నేర్పుదురు; ఇచ్చట చదివి నేర్చుకొమ్మందురు. సాంఘికశాస్త్రము చెప్పు పంతులు, విజ్ఞానశాస్త్రము చెప్పు పంతులు, పిల్లవానికి చదువ వచ్చునని తలంచియే మొదలుపెట్టుదురు. రానివానికి తన పని యేదో తెలియదు. వాడు వెనుకబల్లపై నిశ్శబ్దముగ మూడేండ్లు గడపును. ఒత్తులకడ తడబడువానికి ఒత్తులు నేర్పవలసినవారెవరో ఏ వేళాపట్టికయందును వ్రాసియుండదు. ఆడపిల్లయైనచో ఇంటివారు చదువు రాలేదను నెపముతో బడి మానిపించి పెండ్లిమాట తలపెట్టుదురు. అక్షరము ఆలస్యమైనందుకు ఆ పిల్ల జీవితమంతయు మూల్యముగ నిచ్చుకొనును.

కావున ప్రతి మాధ్యమికపాఠశాలలోను ఒక చదువుపట్టీ యుండవలెనని మా సూచన. సంవత్సరమునకు మూడుసార్లు తెలుగుపంతులు ఒక్కొక్క పిల్లను ప్రక్కకు పిలిచి చదివించి వినవలెను. నలుబదిమంది తరగతికి మనిషికి మూడు నిముషములైనచో రెండు గంటలు చాలును. అక్షరము, పదము, పేరా, కథ, కథకు అర్థము అను అయిదు గడులలో నొకదానియందు గుర్తు పెట్టవలెను. మరునాటినుండి దినమునకొక గంట, తరగతిభేదము లేక, ఒక్క గడిలోని పిల్లలను ఒక్కచోట కూర్చుండబెట్టి వారికి కావలసినదే చెప్పవలెను. చదువ వచ్చిన పిల్లలు రానివారికి చెప్పు పాతపద్ధతి మన వీధిబడులదే. దానిని సిగ్గుపడక మరల తెచ్చుకొనవచ్చును. వలసనుండి తిరిగి వచ్చిన పిల్లను తిట్టక, వచ్చినదినముననే చదివించి విని, ఆమె గడిలో ఆమెను చేర్చవలెను. పైయధికారులకు పేరులు లేని మొత్తములు పోవలెను. తక్కువ మొత్తము వచ్చిన బడికి మందలింపునకు మారుగ మఱియొక పంతులు, మఱికొన్ని కథలపుస్తకములు రావలెను. ఆ మొత్తములు సరియైనవో కావో అప్పుడప్పుడు బయటివారు కొందరు పిల్లలను చదివించి చూచుటలో ఏ యవమానమును లేదు.

పట్టీలు నింపుటతోనే ప్రొద్దు గడచుచుండ మఱియొక పట్టీ యేల యని మా తోడి యుపాధ్యాయులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. హాజరు, భోజనము, దుస్తులు, పుస్తకములు అన్నియు ఫోనులో నింపవలసియున్నది. అందుచేతనే ఈ క్రొత్తపట్టీ పైకి పంపునది కారాదనుచున్నాము. ఇది వైద్యుడు రోగి మంచమునకు తగిలించు చీటివంటిది. రోగి మేలుకే గాని వైద్యుని పరీక్షకు గాదు. ఉపయోగములేని పట్టీలు నాలుగు తీసివేసి దీనికి చోటు చేయుట ప్రభుత్వము వంతు.

దత్తమండలములలో భూమి కొలిచినప్పుడు ప్రతి చెక్కకు నొక రైతుపేరుండెను. మెరక యేది, పల్లమేది, నీరు పారునదేది యని వేరువేరుగ వ్రాసిరి. పొలమునకు మొత్తపులెక్కతో శిస్తు కట్టలేమని ఆనాటి పాలకు లెరిగిరి. పిల్లలచదువు విషయమున మాత్రము నేటికిని మొత్తములతోనే తృప్తి పడుచున్నాము. కడప జిల్లాలో వేయికి అయిదుగురు మాత్రమే చదివిన దినములు పోయి, బడి వాకిట నడుగిడని పిల్ల మన పల్లెలలో అరుదైనది. ఇది మన పూర్వులు సాధించిన విజయము. ఆ పిల్లచేత ఒక పేరా చదివించి వినుటకు మూడు నిముషములు పట్టును. రేపటి బడిలో ఆ మూడు నిముషములు వెచ్చింపుడని మా తోడివారిని, వెచ్చింపనిండని అధికారులను వేడుచున్నాము.